బోర్లించిన పడవ

దెయ్యాల మాట ఎత్తితే నవ్వే రకాన్ని నేను. పుట్టింది కళింగపట్నం దాటాక ఒక మత్స్యకారుల పేటలో. మా వీధిలో గాలి సోకని మనిషి లేడు, అమ్మవారు పూనని ఇల్లు లేదు. చిన్నప్పుడు ఆ కథలు వింటూనే అన్నం తిన్నాను. ఒక్కటీ వంటబట్టలేదు.

తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తాను. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని వచ్చినవాళ్ళ రక్తంలో మలేరియా చూసినవాణ్ణి. అందుకని ఇది ఎవరినో నమ్మించడానికి రాయడం లేదు. మా అక్క భర్త ప్రాణంతో ముడిపడిన సంగతి ఇది. ఎన్నిసార్లు ఆలోచించినా ఒకచోట నాకు లెక్క తెగడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా అక్క పేరు నూకమ్మ. నాకన్నా పదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నన్ను చదివించింది మా బావ లక్ష్మయ్య చేపల వేట. ఆ ఇద్దరూ లేకపోతే నేను ఈపాటికి ఏ చెన్నై హార్బర్లోనో ఐసు పెట్టెలు మోస్తూ ఉండేవాణ్ణి. ఇది ముందే చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

నాకు చెక్కతో చిన్న ఓడలు చేసే పిచ్చి ఉంది. పేటలో పుట్టి సముద్రం పడని మనిషిని నేను. పడవ అలలు దాటకముందే వాంతులు మొదలయ్యేవి. స్కూలు సెలవుల్లో మా బావ ఒకటి రెండుసార్లు తీసుకెళ్ళి చూశాడు. ఆ తర్వాత, "నువ్వు సదువుకోరా బాబూ, నీ వాంతులకి సేపలు పారిపోతన్నాయి" అని ఒడ్డునే దింపేశాడు. పేటంతా నవ్వింది. పడవలంటే మాత్రం ఇష్టం పోలేదు. ఎక్కలేనివాణ్ణి కనక చేయడం మొదలుపెట్టాను.

మొదట ఇంటర్నెట్‌లో కొలతలు దొరికాయని మూడు తెరచాపల విదేశీ ఓడ ఒకటి చేశాను. దాదాపు రెండేళ్ళు పట్టింది. మా ఆవిడ సుజాత దాని దుమ్ము తుడవలేక అద్దాల పెట్టె చేయించింది. ఆసుపత్రి డాక్టర్లు కూడా ఇంటికొచ్చి ఫోటోలు తీసుకున్నారు. మా బావ మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బాగున్నాది గానీ బామ్మర్దీ, దీనికి వల ఏ పక్కనించి ఏస్తారు?" అన్నాడు.

ఆ రోజే ఆయన తన కోరిక చెప్పాడు. వాళ్ళ నాన్నకి ఒక చెక్క నావ ఉండేది. ఫైబర్ బోట్లు వచ్చాక అది ఇసకలో పడి ఎండి, పగిలి, చివరికి రంపానికి పోయింది. ఫోటో కూడా లేదు. దాన్ని బొమ్మలా చేసి ఇస్తే టీవీ పక్కన పెట్టుకుంటానన్నాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అడిగాడు. చేస్తానన్నాను.

కొలతలు ఆయన నోటిలోంచే తీసుకున్నాను. ఇక్కడ నాలుగు జానలు, అక్కడ మూర, ముక్కు దగ్గర ఇంత వంపు అని గాల్లో చెయ్యి తిప్పి చూపించేవాడు. నేను కాగితం మీద గీస్తే, "కాదు, ఇంకొంచెం కడుపు రావాల" అని సరిచేసేవాడు. ఆ ఆదివారాలు చాలా సరదాగా గడిచాయి. ఆయన నాతో అంతసేపు కూర్చుని మాట్లాడింది అప్పుడే.

పడవ బొమ్మ ఎలా కడతారో ఇక్కడ కొంచెం చెప్పాలి. ముందు పక్కటెముకల్లాంటి చట్రాలు కోస్తాం. వాటి మీద సన్నటి టేకు బద్దలు వేడినీళ్ళలో నానబెట్టి, వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తాం. బద్ద వంపు తిరిగి గమ్ ఆరేదాకా చట్రం ఇంచు కూడా కదలకూడదు. అందుకని పడవని తలకిందులుగా కడతాం. చట్రాలకి అదనంగా కాళ్ళు వదిలి, ఆ కాళ్ళని అడుగున ఒక మందపాటి పలకకి చిన్న స్క్రూలతో బిగిస్తాం. పడవ అంచులు కిందికి, అడుగు పైకి. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు. నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.

మే నెలలో, చేపల వేట నిషేధం నడుస్తున్న రోజుల్లో, మా అక్క వేలం పాక దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మా ఆసుపత్రికే తెచ్చి పిండికట్టు వేయించాను. కట్టు వేయడానికి ఆ చేతి గాజులు కత్తిరించాల్సి వచ్చింది. అక్క ముఖం తిప్పుకుంది. ఒంటి చేత్తో ఇంట్లో ఏం చేసుకుంటుందని మా ఇంటికే తీసుకొచ్చేశాను. వాళ్ళ పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. బావ పేటలోనే ఉండి, హోటల్ కూడు తింటున్నానని ఫోనులో గునిసేవాడు.

అక్క మా ఇంట్లో అడుగుపెట్టాక మొదట చూసింది ఆ పడవనే. వెనక గదిలో కిటికీ కింద బల్ల మీద, బోర్లా, సగం బద్దలతో ఉంది.

"ఏట్రా ఇది? పడవని బోర్లించి పెట్నావేటి?" అంది.

బొమ్మేనని, ఇలాగే కడతారని చెప్పాను. ఆవిడ వినలేదు. మా పేటలో ఒక ఆచారం ఉంది. మగవాడు నీటి మీద ఉన్నంతసేపు ఇంట్లో ఏ పాత్రనీ బోర్లించరు. గిన్నె, చెంబు, బకెట్టు, ఏదైనా సరే. కడిగిన గిన్నెల్ని గోడకి చేరవేసి ఆరబెడతారు. మగవాడు ఒడ్డుకి వచ్చాకే బోర్లిస్తారు. పేట వీధిలో నడుస్తూ అరుగుల మీద గిన్నెలు చూస్తే చాలు, ఏ ఇంటాయన వేటకెళ్ళాడో ఏ ఇంటాయన ఒడ్డున ఉన్నాడో తెలిసిపోతుంది. నేనూ ఆ ఇళ్ళలో పెరిగినవాణ్ణే. పట్నం వచ్చాక మర్చిపోయాను.

అది మీ ఇంటి సంగతి కదా, ఇది నా ఇల్లు కదా అన్నాను. అక్క నాకేసి జాలిగా చూసింది. "నాను ఎక్కడ పడుకుంటే అదేరా మీ బావ ఇల్లు" అంది.

నిషేధం కనక అప్పటికి గొడవ లేదు. జూన్‌లో నిషేధం ఎత్తేశారు. అప్పుడు మొదలైంది. మా బావ సముద్రంలోకి వెళ్ళిన మొదటిరోజే అక్క అన్నం ముట్టలేదు. పడవని తిన్నగా పెడితేనే తింటానంది. సుజాతది విజయనగరం. సముద్రం సంగతులు ఎరగని ఇల్లు. అయినా ఆవిడ వంటింట్లో గిన్నెలన్నీ గోడకి చేరవేసేసింది. "ఆవిడ మనసు కోసం ఆ మాత్రం చెయ్యలేరా" అని నన్నే తిట్టింది.

చివరికి ఒప్పందానికి వచ్చాం. బావ వేటకెళ్ళే ముందూ ఒడ్డుకి వచ్చాకా అక్కకి ఫోన్ చేస్తాడు. ఆయన నీటి మీద ఉంటే, నేను స్క్రూలు విప్పి పడవని తిన్నగా తిప్పుతాను. ఒడ్డున ఉంటే బోర్లించి పని చేసుకుంటాను. ఆ నావ అడుగు గుండ్రం. తిన్నగా పెడితే నిలబడదు, పక్కకి ఒరిగిపోతుంది. అందుకని రెండు వైపులా పాత చీరల మూటలు ఆసరా పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళు అలా నడిచింది. నా పని మా బావ ఫోన్ మీద ఆధారపడిపోయిందని సుజాత ఆటపట్టించేది.

ఒక రోజు సాయంత్రం బావ ఫోన్ చేసి, గాలి బాగోలేదు, సముద్రం రేగుతోంది, ఈ పూట వెళ్ళడం లేదన్నాడు. అక్క స్పీకర్ పెట్టడంతో నేనూ విన్నాను. నాతో కూడా మాట్లాడాడు. ముక్కు దగ్గర వంపు వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నాను. "అయితే ఆదివారం వొచ్చి సూస్తాను" అన్నాడు.

ఆయన గొంతు నేను విన్నది అదే ఆఖరు.

వేట లేదన్నాడు కనక పడవని బోర్లించి బిగించాను. ఒక బద్ద అతికించి, బట్టల క్లిప్పులు పెట్టి, అన్నం తిని పడుకున్నాను. సుజాత కూడా గిన్నెలు బోర్లించుకుంది.

పొద్దున్న కాఫీ గ్లాసుతో వెనక గదిలోకి వెళ్ళేసరికి పడవ తిన్నగా ఉంది.

నాకు మండిపోయింది. బద్ద ఇంకా పచ్చిగా ఉంటుంది, కదిపితే వంపు పోతుందని ఎన్నిసార్లు చెప్పాను. అక్క పనే అనుకున్నాను. ఒంటి చేత్తో చేయలేదు కనక సుజాత సాయం పట్టి ఉంటుందనుకున్నాను. ఆ సమయానికి అక్క కట్టు తడవకుండా సుజాత స్నానం చేయిస్తోంది. అడుగుదామంటే స్నానాల గది తలుపు వేసి ఉంది. నాకు డ్యూటీకి టైమవుతోంది.

రెండు సంగతులు అప్పుడే నా కంటపడ్డాయి. కోపంలో పట్టించుకోలేదు. ఒకటి, స్క్రూలన్నీ పలకకి బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. విప్పకుండా చట్రం కాళ్ళు వాటిలోంచి బయటికి రావు. కాళ్ళు ఎక్కడా విరగలేదు, చీలలేదు. పడవని తీశాక స్క్రూలు మళ్ళీ బిగించారు కాబోలు అనుకున్నాను. రెండోది, చీరల మూటలు బల్ల కిందే ఉన్నాయి. ఆసరా ఏమీ లేకుండా పడవ పలక మీద తిన్నగా నిలబడి ఉంది. నా వేలు తగలగానే పక్కకి ఒరిగింది.

నేను స్క్రూలు విప్పి, పడవని మళ్ళీ బోర్లించి, గట్టిగా బిగించాను. ఊడిన క్లిప్పు ఒకటి సర్దాను. కాఫీ తాగేసి ఆసుపత్రికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం పేట నుంచి ఫోన్ వచ్చింది. బావ ఎక్కిన బోటు తిరగబడిందనీ, ఇద్దరు దొరికారనీ, బావ దొరకలేదనీ చెప్పారు.

నేను ముందు నమ్మలేదు. ఆయన వేటకే వెళ్ళలేదు కదా అన్నాను. తర్వాత తెలిసింది. సముద్రంలో వేసి ఉంచిన వల ఒకటుంది. గాలి ముదిరితే వల కొట్టుకుపోతుందని దాని కోసం రాజారావు అనే కుర్రాడు, వాళ్ళ చిన్నాన్న బయల్దేరారు. వాళ్ళతో రోజూ వెళ్ళే మూడో మనిషికి జ్వరం. బావ మాతో ఫోన్ పెట్టేసి గుమ్మంలో కూర్చుని ఉంటే వాళ్ళొచ్చి పిలిచారు. వల తెచ్చుకుని వచ్చేయడమే కదా అని ఆయన లుంగీ ఎగ్గట్టుకుని లేచాడు. ఆ మాత్రానికి అక్కని కంగారు పెట్టడం ఎందుకని ఫోన్ చేయలేదు.

అక్కని ఆటోలో పేటకి తీసుకెళ్ళాను. దారిలో ఆవిడ ఏడవలేదు. ఒడ్డున జనం ఉన్నారు. కొన్ని బోట్లు వెతకడానికి వెళ్ళాయి. పోలీసులొచ్చారు. అక్క ఇసకలో కూలబడి అక్కణ్ణించి లేవనంది. ఎండకి పిండికట్టు కింద చెయ్యి దురద పెడుతుంటే పుల్లతో గోక్కుంటూ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మర్నాడు గడిచింది. ఆ మర్నాడూ గడిచింది. ఆయన ఈతగాడు, ఎక్కడో ఏ పడవో ఎక్కించుకుని ఉంటుంది, ఒడిశా వైపు దింపి ఉంటుంది అనుకున్నాం. అలా బతికి వచ్చినవాళ్ళు పేటలో ఉన్నారు. ఎవరి ఫోన్ మోగినా అక్క తలెత్తేది.

ఆసుపత్రి నుంచి పంపేశాక రాజారావు అక్క ఇంటికి వచ్చాడు. పెదవులు పగిలి, ఒళ్ళంతా ఉప్పు పూసినట్టు తెల్లబడి ఉన్నాడు. అక్క లోపల ఆడవాళ్ళ మధ్య ఉంది. అరుగు మీద మా మగవాళ్ళతో అతను జరిగింది చెప్పాడు. తలుపు తీసే ఉంది కనక అక్కకి వినపడే ఉంటుంది.

వల లాగుతుండగా చీకట్లో పెద్ద అల వచ్చి బోటుని తిరగేసింది. ముగ్గురూ బోర్లాపడ్డ బోటుని పట్టుకుని ఉండిపోయారు. తాడు దొరికితే నడుములకి చుట్టుకున్నారు. తెల్లారేదాకా అలాగే ఉన్నారు. చిన్నాన్న చేతులు వదిలేస్తుంటే మా బావ జుట్టు పట్టుకుని ఆపాడు.

ఆ తర్వాతి మాటలు రాజారావు చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"తెల్లారగట్ల బోటు దానంతటదే లేసింది. మేం ఎవులూ సెయ్యి ఎయ్యలేదు. ఎయ్యడానికి సత్తువ ఏదీ? అల కూడా నేదు. తిన్నగా లేసి నిలబడిపోనాది. మేం తాళ్ళు ఇప్పుకుని ఎక్కీసినాం. లచ్చయ్య మావ నవ్వుతన్నాడు. ఈపాలికి నూకమ్మ మొకం సూస్తాన్రా అన్నాడు. డబ్బాతో నీళ్ళు తోడతన్నాడు. ఎండెక్కింది. సముద్రం నూని పోసినట్టు ఉన్నాది. అప్పుడు మళ్ళీ తిరగబడిపోనాది. గాలి నేదు, అల నేదు. గిన్నెని బోర్లించినట్టు బోర్లించీసినాది. మేమిద్దరం ఇవతలికి పడ్డాం. మావ వల పక్కన ఉన్నాడు. కిందకెల్లిపోనాడు. మళ్ళీ రానేదు."

అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఎండెక్కిన వేళ ఏదో నేను అతన్ని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. ఆ వేళకి నేను ఎక్కడున్నానో, చేతిలో స్క్రూడ్రైవరుతో ఏం చేస్తున్నానో నాకు తెలుసు.

తర్వాత వాళ్ళ చిన్నాన్నని విడిగా కలిశాను. ఆయన వేరే ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటికి రాజారావుతో మాట్లాడలేదు. ఆయనా అదే చెప్పాడు. ఒకసారి లేచిందనీ, ఎందుకు లేచిందో తెలీదనీ, ఎండలో మళ్ళీ పడిపోయిందనీ చెప్పాడు. నా ఇంట్లో బొమ్మ పడవ ఒకటి ఉన్నట్టు ఆ ఇద్దరికీ తెలీదు.

ఆ తర్వాత కబురు వచ్చింది. భావనపాడు వైపు ఒడ్డుకి శవం ఒకటి కొట్టుకొచ్చిందన్నారు. అక్కని రానివ్వకుండా నేనే వెళ్ళాను. రోజూ రక్తం చూసే మనిషిని. అయినా నిలబడలేకపోయాను. ముఖం లేదు. మొలతాడు, దానికున్న రాగి ఉంగరం చూసి గుర్తుపట్టాను. కాళ్ళకి వల చుట్టుకుని ఉంది. టెక్కలిలో పోస్టుమార్టం చేయించి పేటకి తెచ్చాం.

పదో రోజు అక్క గాజులు పగలగొట్టడానికి ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎడమ చెయ్యి పట్టుకున్నారు. కుడి చెయ్యి కట్టులో ఉంది, దానికి గాజులే లేవు. నెలన్నర కిందట నా కళ్ళముందే, నేను పని చేసే ఆసుపత్రిలోనే కత్తిరించారు. ఒక ముసలావిడ ఆ చెయ్యి చూసి గట్టిగా ఏడ్చింది. నేను అక్కడ ఉండలేక బయటికి వచ్చేశాను.

ఆ రోజుల్లో నన్ను తినేసిన ఆలోచన ఒకటే. పొద్దున్న పడవని తిన్నగా పెట్టింది అక్క. ఆవిడకి ఏదో తోచి పెట్టింది. దాన్ని మళ్ళీ బోర్లించింది నేను. రాజారావు మాటలు ఆవిడ విన్నది. రెండూ కలుపుకోలేనంత తెలివితక్కువ మనిషి కాదు. ఎప్పుడు నన్ను నిలదీస్తుందా అని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ తిట్టలేదు. నాకు అన్నం వడ్డించింది. ఎడమ చేత్తో వడ్డిస్తున్నానని నొచ్చుకుంది.

నన్ను నేను సమాధానపరచుకోవడానికీ చూశాను. ఫైబర్ బోట్లు తయారుచేసే అతన్ని అడిగాను. ఇంజను వేలాడుతూ, వల నీళ్ళలో ఉండగా తిరగబడ్డ బోటు దానంతట అది లేవడం తాను వినలేదన్నాడు. లోపలున్న గాలి వల్ల ఎప్పుడైనా లేస్తే లేవొచ్చేమో అన్నాడు. రెండోసారి పడిపోవడానికి కారణం చెప్పగలిగాడు. సగం నీళ్ళున్న బోటులో మనుషులంతా ఒక పక్కకి జరిగితే చాలట. సరే, అదే అయ్యుంటుంది అనుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

పిండికట్టు విప్పించడానికి అక్క మళ్ళీ మా ఇంటికి వచ్చింది. కట్టు కింద చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది. సుజాత వేడినీళ్ళ కాపడం పెట్టింది. మధ్యాహ్నం నేను వెనక గదిలో ఉంటే అక్క వచ్చి కుర్చీలో కూర్చుంది. పడవ బల్ల మీద అలాగే బోర్లా ఉంది. ఆ రోజు నుంచి దాన్ని నేను ముట్టుకోలేదు. అక్క దానికేసి చాలాసేపు చూసింది.

ఇక ఆగలేక నేనే మొదలుపెట్టాను. ఆ పొద్దున్న నువ్వు తిన్నగా పెట్టిన పడవని నేనే మళ్ళీ బోర్లించానక్కా అన్నాను.

అక్క నాకేసి అర్థం కానట్టు చూసింది.

"నాను పెట్టడం ఏటిరా?" అంది. "నాను పొద్దున్న లేసి సూస్తే తిన్నగా ఉన్నాది. బావ నీకు పోన్ సేసి ఏటకెల్నాడు గావాల, తమ్ముడు తిప్పి పెట్టినాడు అనుకున్నాను. తానం సేసి వొచ్చి సూస్తే మళ్ళీ బోర్లించి ఉన్నాది. బావ ఒడ్డుకి వొచ్చీసినాడు అనుకున్నాను. సుజాత ఇచ్చిన ఇడ్లీ కడుపునిండా తిన్నాను."

నేను వంటింట్లోకి వెళ్ళి సుజాతని అడిగాను. ఆవిడ ఆ పొద్దున్న వెనక గదిలోకే వెళ్ళలేదు. మా పిల్లల మీద ఒట్టేసింది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. పిల్లలు హాస్టల్లో ఉన్నారు. వీధి తలుపు నేనే గొళ్ళెం పెట్టాను, పొద్దున్న నేనే తీశాను.

తిరిగి వచ్చేసరికి అక్క లేచి బల్ల దగ్గర నిలబడి ఉంది. కొత్తగా కట్టు విప్పిన చెయ్యి పడవ మీద వేసింది. నా వైపు తిరగకుండానే అడిగింది.

"మరి నిలబెట్టింది ఎవులురా?"

అక్క సాయంత్రం బస్సుకి పేటకి వెళ్ళిపోయింది.

ఇది జరిగి ఇప్పటికి రెండు వానాకాలాలు దాటాయి. నిద్రలో నేనే లేచి తిప్పానేమో అనుకున్నాను. నాకు నిద్రలో నడిచే జబ్బు లేదు, ఉన్నా స్క్రూలు విప్పకుండా తీయలేను. తీసినా ఆ గుండ్రటి అడుగు మీద నిలబెట్టలేను. చాలాసార్లు ప్రయత్నించి చూశాను. ఒక్కసారీ నిలబడలేదు. దెయ్యమంటే ఇప్పటికీ నాకు నమ్మకం కుదరదు. అమ్మవారంటే మా పేటవాళ్ళు నమ్ముతారు, నేను కాదనను, ఔననను. ఎవరో ఒకరు ఆ తెల్లవారుజామున మా బావని బతికించాలని చూశారు. అది ఎవరో నాకు తెలీదు. ఆ తర్వాత కాఫీ గ్లాసు పక్కన పెట్టి స్క్రూలు బిగించింది మాత్రం నేనే.